పడుగు దిగేదాకా ఉంచిన నీళ్ళు

పొదటూరుపేట నేతవీధిలో శుక్రవారం పొద్దున వళ్ళియమ్మ కొంగు నడుముకు బిగించి బయల్దేరిందంటే ఇంటింటా ఒకటే కంగారు. పిలవదు, తలుపు తట్టదు, నేరుగా పెరట్లోకి పోతుంది. కోళ్ళకు పెట్టిన మూకుడు బోర్లిస్తుంది. కాగు మీద మూత సరిగ్గా కూర్చోకపోతే గుడ్డ అడిగి తీసుకుని తనే వాసెన కడుతుంది. చూరు కింద పగిలిన కుండ కనిపించిందా, దాన్ని ఎత్తి గోడకేసి కొడుతుంది. "ఇది కాపురముండే ఇల్లా, దోమలకు కట్టిన సత్రమా?" అని వీధి చివరిదాకా వినిపించేట్టు అడుగుతుంది. ఎదురు చెప్పే మొనగాడు ఆ వీధిలో లేడు. చెప్పినవాడి తాతముత్తాతల సంగతులన్నీ ఆవిడకు కంఠస్థం మరి!

ముసలమ్మకు దోమల పిచ్చి పట్టిందని వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు గానీ ఆ పిచ్చి ఊరికే పట్టింది కాదు. దోమల మందు కొట్టడానికి వచ్చినవాళ్ళను వాకిట్లోనే నిలబెట్టి కడిగేసిన నోరు కూడా ఈ నోరే. అది ఇటు ఎట్లా తిరిగిందో చెప్పాలంటే ముందు ఆ ఇంటి రాతితొట్టి సంగతి చెప్పాలి.

వళ్ళియమ్మ పుట్టింటి ఊరు కే.జీ.కండిగై. నేత తెలిసిన ఇంటి పిల్లే. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే అత్త అలిమేలమ్మ ఆమెను వెనక సావిట్లోకి తీసుకుపోయి తొట్టి చూపించింది. మనిషి పడుకుంటే పట్టేంత నల్లరాతి తొట్టి. నూలు చిలపలు అందులో నానేసి, మొగవాడు దిగి కాళ్ళతో తొక్కుతాడు. తొక్కితేగానీ నూలు నీళ్ళు తాగదు, నీళ్ళు తాగితేగానీ గంజి పట్టదు. ఆ వీధి బావినీళ్ళు ఉప్పు గనక చూరు కింద పట్టిన వాననీళ్ళే పోస్తారు. ఇంతవరకూ అందరిళ్ళలో ఉన్నదే. ఈ ఇంట్లో దానికి తోడు ఇంకో ఆచారం ఉంది. పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గం ఎక్కాక తొట్టి కడిగి మళ్ళీ తేట వాననీళ్ళు నింపుతారు. నేసేటప్పుడు ఎండకు పోగు పెళుసెక్కకుండా ఆ నీళ్ళే చిలకరిస్తారు. నేత పూర్తయి ఆ పడుగు మగ్గం దిగేదాకా తొట్టి ఖాళీ చెయ్యకూడదు.

"నీళ్ళు ముందే పారబోస్తే పడుగు తెగతాది. పడుగు తెగితే ఇంటికి మంచిది కాదు. బుద్ధిలో పెట్టుకో," అంది అలిమేలమ్మ.

పడుగు దిగడానికి ఎన్నాళ్ళు పడుతుంది గనక? అందాకా నీళ్ళుంటే ఏం మునిగిపోతుంది? ఆ రోజుల్లో ఏమీ మునగలేదు.

మొగుడు శివప్రకాశం మాట తక్కువ మనిషి. ఇద్దరి మాటలూ ఈవిడే మాట్లాడేది. ఆయన తొట్టిలో దిగి నూలు తొక్కుతుంటే ఈవిడ పక్కన కూర్చుని చిలపలు అందిస్తూ వీధి కబుర్లన్నీ ఏకరువు పెట్టేది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి ఆవు ఈనింది, ఎవరు ఎవరితో మాటలు మానేశారు. ఆయన తొక్కుతూనే "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసమే ఈవిడ అన్ని కబుర్లు పోగుచేసుకొచ్చేది. వాళ్ళ ముచ్చటంతా అదే.

ఆయన పోయిన రోజు మగ్గం మీద పడుగు సగం నేసి ఉంది. నీలం, ఎరుపు గళ్ళ లుంగీలు. పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు, పేక పోగు నడిపే నాడె విసిరాడు, పక్కకు ఒరిగాడు. వళ్ళియమ్మ గంజి చెంబుతో వచ్చి, పని మీద వంగాడనుకుని ఇంకా ఏదో కబురు చెబుతూనే ఉంది. "ఊఁ" వినపడలేదు.

కర్మలన్నీ అయ్యాక కొడుకు తణికాచలం తన మగ్గం మీదే నేసుకుంటూ పోయాడు. తండ్రి మగ్గం జోలికి పోలేదు. పోనిచ్చేదెవరు! "ఆయన విడిచిపెట్టింది విడిచిపెట్టినట్టే ఉండనీరా," అంది వళ్ళియమ్మ. అందువల్ల ఆ పడుగు దిగలేదు. పడుగు దిగలేదు గనక తొట్టి నీళ్ళు కదల్లేదు. నూలు ఇచ్చే మేస్త్రీ అప్పటికే గంజిపెట్టిన నూలు ఇవ్వడం మొదలుపెట్టాడు కాబట్టి తణికాచలానికి తొట్టితో పనిలేదు. వళ్ళియమ్మ తొట్టి మీద పాత చెక్కలు పరిచి, వాటి మీద కట్టెలు పేర్చింది. లోపల ఎప్పుడో ఎండిపోయి ఉంటుందనుకున్నాడు కొడుకు.

ఎండలేదు. నీళ్ళు తగ్గినప్పుడల్లా ఈవిడ ఒక చెక్క పక్కకు జరిపి చెంబుతో వాననీళ్ళు పోస్తూ వచ్చింది. పోస్తూ పోస్తూ వీధి కబుర్లు చెప్పేది. అందులో శివప్రకాశం పట్టిన నీళ్ళు ఎన్ని మిగిలాయో ఆ దేవుడికే తెలియాలి. అయినా ఆ తొట్టి పక్కన కూర్చుంటే ఆవిడ మనసు కుదుటపడేది. ఆ సంగతి ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. కోడలు దేవకికి.

దేవకి తల్లిలేని పిల్ల. ఆవడి అనే ఊళ్ళో మేనమామ పంచన పెరిగింది. కాపురానికి వచ్చాక ఒకసారి కడుపు వచ్చి, నిలవకుండా పోయింది. అప్పుడు ఆ పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని వళ్ళియమ్మ, "నీకు అమ్మగారిల్లు ఇదేనే. ఈసారి నిలిస్తే పురుడు నేనే పోస్తా. బిడ్డను నీ చేతిలో పెట్టే పూచీ నాది," అంది. ఒకనాడు దేవకి కట్టెలకోసం సావిట్లోకి వచ్చి, అత్త తొట్టితో మాట్లాడుతుండగా చూసింది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగింది. ఆ తర్వాత అత్త ఆ సావిట్లో ఉన్నంతసేపూ మొగుణ్ణి అటు పోనివ్వకుండా ఏదో పని చెప్పేది. పిచ్చిపిల్ల!

డెబ్బై ఎనిమిదిలో వానలు తగ్గేనాటికి దేవకికి మళ్ళీ కడుపు నిలిచి ఉంది. వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. రోజు విడిచి రోజు, మధ్యాహ్నమయ్యేసరికి చలి, వణుకు, తర్వాత ఒళ్ళు పేలిపోయే జ్వరం. మలేరియా అన్నారు. తిరుత్తణి నుంచి శేషాద్రి అనే ఆరోగ్యశాఖ ఉద్యోగి, మందు కొట్టే కూలీలను వెంటబెట్టుకుని వీధిలోకి వచ్చాడు.

"అమ్మా, మగ్గాల మీద ఏమన్నా కప్పండి. గోడలకు డి.డి.టి. కొట్టాల," అన్నాడు.

"కొట్టు నాయనా, కొట్టు! నూలుకు తెల్లమరకలు పడితే ఆ లుంగీలు నువ్వు కట్టుకొని తిరగతావా? మేస్త్రీ మూతి తిప్పుకొని పోతాడు. ఆమీట మేము ఏం తినేది, నీ మందా?"

ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. నాలుగిళ్ళ అవతల నిజంగానే ఒక పడుగంతా మరకలు పడి పాడైంది. శేషాద్రికి ఈ తిట్లు అలవాటే. చెమట తుడుచుకున్నాడు.

"సరి, మందు వద్దులెండి. ఇంట్లో నీళ్ళు యాడ నిలవుండాయో అది చూపించండి. దోమ పుట్టేది ఆడనే. వారానికొకసారి పారబోసి, తొట్టి ఎండబెడితే చాలు, అంతకు మించిన మందు లేదు. మీ నేతోళ్ళ ఇండ్లలో నూలు తొట్లు ఉంటాయి గదా. మీది యాడుండాది?"

వళ్ళియమ్మ చూపు వెనక సావిడి వైపు పోయింది. గుమ్మంలో నిలబడ్డ దేవకి అత్త మొహం చూసింది.

"అది ఎండబెట్టేసినామండి. మామ పోయినప్పటినుంచి వాడేదే లేదు," అంది.

శేషాద్రి ఆ పిల్ల కడుపు వంక చూశాడు. "నీకే చెప్పేది పాపా. ఈ టయంలో ఈ జ్వరం వస్తే రెండు ప్రాణాలకు మోసం. చానా జాగ్రత్తగా ఉండాల," అని, తలుపు పక్కన సున్నపు గుర్తు పెట్టి పక్కింటికి పోయాడు.

ఆ మాట విన్నాకైనా చెయ్యాల్సిన పని చెయ్యొచ్చు గదా! వళ్ళియమ్మ సావిట్లోకి పోయింది, చెక్క జరిపింది. నీళ్ళ మీద గీతలు గీసినట్టు సన్నటి పురుగులు. నీడ పడగానే గిలగిల కొట్టుకుని చెదిరాయి. చూసింది. కళ్ళారా చూసింది. "దోమలు పుట్టేది మురికినీళ్ళలో గదా, ఇవి వాననీళ్ళు, మొహం కనపడేంత తేటగా ఉండాయి," అని తనకు తనే చెప్పుకుని చెక్క మూసేసింది. మనిషికి మొండితనం పడితే కళ్ళుండీ ఏం లాభం?

దేవకి వెనక సావిట్లోనే పడుకునేది. ముందుగదంతా మగ్గాలు గదా. మరి కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ చేట పక్కన పెట్టేసింది.

"అత్తా, చలి."

బయట ఎండ మండిపోతోంది. వళ్ళియమ్మ దుప్పటి కప్పింది. దాని మీద ఇంకో దుప్పటి, దాని మీద గోనెసంచులు, చివరికి తానే ఆ పిల్లను వాటేసుకుని పడుకుంది. వణుకు ఆగలేదు. ఆ పిల్ల పళ్ళు టకటకా కొట్టుకునే చప్పుడు ఆవిడ చెవిలోనే వినపడుతోంది. శేషాద్రి వచ్చి వేలు పొడిచి, గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకుపోయాడు. మలేరియానే. మాత్రలు ఇచ్చాడు. ఆ చేదుకు దేవకి ప్రతిసారీ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. జ్వరం దిగింది. వళ్ళియమ్మ తిరుత్తణి మురుగనికి మొక్కుకుంది, తలనీలాలు ఇస్తానంది, కావడి ఎత్తుతానంది. అన్నీ ఇస్తానంది గానీ ఆ తొట్టి మాట మాత్రం ఎత్తలేదు.

ఎనిమిదో నెలలో జ్వరం మళ్ళీ వచ్చింది. ఈసారి వణుకు మొదలయ్యేసరికే ఆ పిల్ల పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. కళ్ళు పచ్చబడ్డాయి. అత్త చెయ్యి లాక్కుని తన కడుపు మీద పెట్టుకుంది.

"అత్తా, పొద్దున్నించి బిడ్డ కదల్లేదు."

వళ్ళియమ్మ చెయ్యి అక్కడే ఉంచింది. కడుపు కాలిపోతోంది. లోపల ఏ అలికిడీ లేదు. "కదల్తాది, నిద్రపోతాండాదేమో," అంది. తణికాచలం మగ్గం మీదనుంచి లేచినవాడు లేచినట్టే వచ్చి పెళ్ళాన్ని ఎత్తుకున్నాడు.

తిరుత్తణి బస్సులో కూర్చోడానికి చోటు లేదు. ఎవరో పుణ్యాత్ములు లేచి చోటిచ్చారు. ఆ దారిలో గుంట పడ్డప్పుడల్లా దేవకి మూలిగేది, వళ్ళియమ్మ డ్రైవరును తిట్టేది. తిట్టడం ఆపితే ఏడుపొస్తుందని ఆవిడకు తెలుసు. బస్సు ప్రతి ఊళ్ళో ఆగుతోంది. ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు తీరిగ్గా దిగుతున్నారు, అరటిగెలలు ఎక్కిస్తున్నారు. "సీక్రం పోనీ నాయనా, రెండు ప్రాణాలు ఉండాయి!" అని అరిచింది. బస్సంతా తిరిగి చూసింది. ఆవిడ చెయ్యి మాత్రం కోడలి కడుపు మీదనుంచి తియ్యలేదు. ఇంకా కదలిక లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసింది. కడుపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. వళ్ళియమ్మ ఆమె మొహాన్నే చూస్తూ నిలబడింది.

"బిడ్డ గుండె కొట్టుకుంటోంది. కానీ బలంగా లేదు," అంది డాక్టరమ్మ. సూది మందు వేయించింది, గ్లూకోజు పెట్టించింది. తర్వాత తణికాచలాన్ని పిలిచింది. "ఒంట్లో రక్తం లేదు. ఈ జ్వరం దించడానికి చూస్తాం. దించినా, మళ్ళీ తీసుకుపోయి ఆ దోమల మధ్యే పడుకోబెడితే ఇంకోసారి తట్టుకోలేదు. తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. నిజం చెప్పు, ఇంట్లో ఎక్కడైనా నీళ్ళు నిలవ ఉన్నాయా?"

"లేదమ్మా. మా అమ్మ ఇల్లు అద్దం మాదిరి పెట్టుకుంటాది. అంతా ఆ వీధి కాలవల వల్లనే," అన్నాడు తణికాచలం.

"అయితే సరే. జ్వరం దిగాక ఇంటికే తీసుకుపోవచ్చు."

మంచం మీదనుంచి దేవకి కళ్ళు తెరవకుండానే తల ఊపింది. "నీళ్ళు లేవు డాక్టరమ్మా... తొట్టి ఎండబెట్టేసినాము... మామ పోయినప్పుడే ఎండబెట్టేసినాము..."

జ్వరంలో మనిషికి ఒళ్ళు తెలియదు. ఒళ్ళు తెలియని స్థితిలో కూడా ఆ పిల్ల అత్త గుట్టు కాపాడుతోంది. పళ్ళు కొట్టుకుంటున్నాయి, అయినా అబద్ధం తడబడకుండా చెబుతోంది. వళ్ళియమ్మ ఇంక నిలబడలేకపోయింది.

"ఉండాది!" అని అరిచింది. వార్డంతా ఇటు తిరిగింది. "ఎండబెట్టలేదు! తొట్టి నిండా నీళ్ళుండాయి. నేనే పోస్తాండాను. ఈ బిడ్డ నాకోసం అబద్ధం చెప్తాండాది డాక్టరమ్మా, దీని మాట వినబాకండి!"

తణికాచలం తల్లి వైపు తిరిగాడు. "నాయన తొట్టా?"

"ఊఁ."

"పురుగులు చూసినావా?"

"చూసినా."

వాడు అరవలేదు. అరిస్తే బాగుండేది. గోడకేసి చూస్తూ, "నాయన పోయినాడమ్మా. ఇది బతికుండాది," అన్నాడు. అంతే అన్నాడు.

వళ్ళియమ్మ ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి పొదటూరుపేట బస్సెక్కింది. ఈసారి డ్రైవరును తిట్టలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి సావిట్లో కట్టెలన్నీ పెరట్లోకి విసిరేసింది. చెక్కలు ఈడ్చేసింది. చెక్కల అడుగునుంచి దోమలు గుప్పున లేచి ఆవిడ మొహం చుట్టూ ముసిరాయి. ఇన్నాళ్ళూ ఆ పిల్ల పక్క పరుచుకుంది ఇక్కడికి రెండడుగుల దూరంలో. ఆ పక్కచాప చుట్టచుట్టి ఇంకా అక్కడే ఉంది. వళ్ళియమ్మ తన నెత్తి తనే కొట్టుకుంది.

తొట్టి అడుగున చిల్లు ఉంది. దానికి శివప్రకాశం పాత తువ్వాలు ముక్క మెలిపెట్టి బిరడాలాగా బిగించాడు. లాగితే రాలేదు. ఆయన ఏ పని చేసినా గట్టిగా చేసేవాడు. రోకలి తెచ్చి పొడిచింది. రెండుసార్లు, మూడుసార్లు పొడిచింది. "విడిచిపెట్టు! నీ మనవడో మనవరాలో ఆడ చచ్చిపోతాంది, విడిచిపెట్టు!" అని ఏడుస్తూ పొడిచింది. బిరడా ఊడింది. నీళ్ళు బుడబుడమంటూ కాలవలోంచి పెరట్లోకి పారాయి. కాలిన నేల గబగబా తాగేసింది. పురుగులు ఎండలో కొంతసేపు కొట్టుకుని ఆగిపోయాయి. నీళ్ళు పోతుంటే ఆయన్ను రెండోసారి సాగనంపుతున్నట్టే ఉంది ఆవిడకు. ఏడ్చింది, కానీ ఆపలేదు.

నీళ్ళన్నీ పోయాక అడుగు కనిపించింది. ఆ తొట్టిని అట్లా ఖాళీగా, ఎండ వెలుగులో ఆవిడ ఎన్నడూ సరిగ్గా చూడలేదు. ఎప్పుడూ నూలో, నీళ్ళో, మొగుడి కాళ్ళో ఉండేవి. ఇప్పుడు చూస్తే అడుగు రాతిలో రెండు పల్లాలు ఉన్నాయి. పక్కపక్కన, పాదాలంత. తన మామ తొక్కాడు, ఆ మామ తండ్రి తొక్కాడు, తన మొగుడు బతికినన్నాళ్ళూ తొక్కాడు. రాయి అరిగిపోయింది. వళ్ళియమ్మ తొట్టిలోకి దిగి వాటి ముందు కూర్చుంది. మడమ దగ్గర లోతు ఎక్కువ. ఆయన మడమ మీద బరువేసి తొక్కేవాడు. ఆవిడకు తెలుసు.

ఆ రెండు పాదాల గుంటల్లో ఇంకా కొంచెం నీళ్ళు మిగిలి ఉన్నాయి. ఆ కొంచెంలోనూ పురుగులు కదులుతున్నాయి. వళ్ళియమ్మ కొంగు తీసి ఆ గుంటలు తుడిచింది. పిండి మళ్ళీ తుడిచింది. రాయి పొడిగా, తెల్లగా అయ్యేదాకా తుడిచింది.

ఆ సాయంత్రం బస్సుకే ఆసుపత్రికి తిరిగివచ్చింది. కొడుకు ఆవిడతో మాట్లాడలేదు. చాలా రోజులు మాట్లాడలేదు. దేవకి జ్వరం దిగుతూ, ఎక్కుతూ ఏడిపించింది. అయినా ఆ రాత్రే కాస్త తెలివి వచ్చి, అత్త తడి కొంగు, గోళ్ళలో నాచు చూసి ఆ పిల్లకు అర్థమైంది.

"మామ నీళ్ళు పారబోసినావా అత్తా?" అంది. కళ్ళలో నీళ్ళు నిండాయి.

"నువ్వెందుకే ఏడుస్తావు, నా తల్లీ! నా పాపానికి నువ్వు పడింది చాలదా?" అని వళ్ళియమ్మ ఆ పిల్ల చెయ్యి మొహానికి అద్దుకుంది. "మీ మామ నీళ్ళలో లేడే. రాతిలో ఉండాడు. యాడికీ పోలేదు." అప్పుడు ఆవిడ మోచేతి కింద, దుప్పటి లోపల, ఏదో ఒకసారి తన్నింది. మళ్ళీ తన్నింది. వళ్ళియమ్మ వార్డంతా వినపడేట్టు ఏడ్చింది.

ఆడపిల్ల. నెల ముందే పుట్టింది, తూకానికి పిడికెడు ప్రాణం. మాట ఇచ్చినట్టే బిడ్డను తెచ్చి దేవకి చేతిలో పెట్టింది వళ్ళియమ్మ. తండ్రి మగ్గం మీద మిగిలిన పడుగును తణికాచలం నేసి దించాడు. అందులో మొదటి లుంగీ బిడ్డకు దూలానికి కట్టిన ఉయ్యాల అయింది.

ఆ ఏడాది చివర మేస్త్రీ మళ్ళీ గంజిపెట్టని పచ్చినూలే ఇచ్చాడు. శుక్రవారం పొద్దున తణికాచలం తొట్టిలో దిగి తొక్కాడు. వాడి పాదాలు ఆ పల్లాల్లో సరిగ్గా కుదిరాయి. పని అయ్యాక దేవకి తొట్టి కడిగి, వాననీళ్ళ బిందె చంకన పెట్టుకుని వచ్చి ఆగింది.

"అత్తా, పడుగు మగ్గమెక్కతాది గదా. మళ్ళీ నింపేదా, వద్దా?"

వళ్ళియమ్మ ఉయ్యాల వంక చూసింది. నీలం, ఎరుపు గళ్ళ గుడ్డలోంచి చిన్న పాదం ఒకటి బయటకు వచ్చి ఊగుతోంది.

"వద్దే. పోగు తెగితే ముడేసుకుందాములే," అంది.

పొడిగుడ్డ తీసుకుని తొట్టిలోకి దిగి ఆ రెండు పల్లాలూ తుడిచింది. తర్వాత కొంగు నడుముకు బిగించి వీధిలోకి బయల్దేరింది.